వెయ్యి రెట్ల చూపు

అన్యాయం జరిగింది మేడిశెట్టి దేదీప్యకి. 2044 జులై 12, మంగళవారం పగలు, కాకినాడలోని ఒక మెదడు పరిశోధనశాలలో జరిగింది. చేసినవాళ్ళలో ఆ పిల్లకి చెడు కోరినవాళ్ళు ఒక్కరూ లేరు. ఏడుపంతా అక్కడే ఉంది. చెడు కోరినవాళ్ళనైతే నడిబజార్లో నిలబెట్టి కడిగెయ్యొచ్చు. మంచి కోరి గొంతు కోసినవాళ్ళని ఏం చేస్తాం?

ఆ వేళకి దేదీప్య తల్లి నూకరత్నం ఒక కుర్చీలో బిగుసుకుని కూర్చుని ఉంది. తల మీద హెల్మెట్ లాంటిది పెట్టారు. దాని లోపల వెంట్రుకంత సన్నటి తీగలు వేలకొద్దీ ఉన్నాయి. డాక్టర్ సుధేష్ణ వంగి వాటిని సర్దుతోంది. ఆ మిషన్‌ని కనిపెట్టింది ఆవిడే.

"కదలకండి నూకరత్నంగారూ. కాస్త చల్లగా తగుల్తుంది, అంతే."

"కరెంటేవన్నా పెడతారేటండి?"

"లేదమ్మా. దీంట్లోంచి మీలోకి ఏమీ రాదు. మీలోంచే దీంట్లోకి వస్తుంది."

నూకరత్నం ఇంకా బిగుసుకుంది. "ఏటొస్తాదండి?"

"మీ చూపు."

ఆ మిషన్ పేరు పరనేత్రం. పేపర్లవాళ్ళు దాన్ని మంత్రదండంలా రాశారు, టీవీవాళ్ళు దెయ్యంలా చూపించారు. అది రెండూ కాదు. మనిషి కెమెరా చూసినట్టు చూడడు, దాని వెనక ఉన్న సంగతి ఇంతే. కంటికి అందేది వట్టి వెలుగు. ఆ వెలుగు మెదడులో ముఖాల్ని గుర్తుపట్టే చోటికి చేరేసరికి దాంట్లో జ్ఞాపకం కలుస్తుంది, ఇష్టం కలుస్తుంది, కోపం, భయం కలుస్తాయి. అందుకే ఒకే ఆడమనిషి మొహం మొగుడికి ఒకలా, అత్తకి ఒకలా, చంకలో పిల్లకి ఒకలా ఉంటుంది. ముగ్గురి కళ్ళలో పడ్డ వెలుగు మాత్రం ఒకటే.

ఇలా అన్నీ కలిశాక మెదడులో తయారయ్యే బొమ్మని పరనేత్రం పట్టుకుంటుంది. చూసేవాళ్ళకి ముందుగా కొన్ని వందల ముఖాల ఫొటోలు చూపించి, ఏ ముఖానికి ఏ నాడీకణాలు ఎలా స్పందిస్తున్నాయో కంప్యూటర్ నేర్చుకుంటుంది. తర్వాత అసలు మనిషిని ఎదురుగా కూర్చోబెడతారు. అప్పుడు పుట్టే సిగ్నల్ దోమ రెక్క చప్పుడంత ఉంటుంది. దాన్ని పెంచి తెరమీద బొమ్మగా గీస్తారు. ఆ తెర ముందు కూర్చున్న మనిషి తనని తాను ఇంకొకళ్ళ కంటితో చూసుకుంటాడు. తనని ప్రేమించేవాళ్ళ కంటితో.

మొదటి ఏడాది దీంతో నిజంగానే మంచి జరిగింది. తుని నుంచి ఒక రిటైర్డ్ మాస్టారు వచ్చాడు. నున్నటి బట్టతల, దాని దిగులుతో మంచం పట్టాడు. భార్య చూపులో ఆయనకి నుదుటి మీద పడేంత జుట్టుంది. "ఏమే, ఇంత జుట్టు నీ దగ్గర పెట్టుకుని నాకు నూనెలు కొనిపించావా?" అని తెరముందే పడీ పడీ నవ్వాడు. మొటిమల కుర్రాడొకడు అమ్మమ్మ చూపులో తన మొహం చూసుకుని, ఆ సాయంత్రమే మాస్కు తీసి బస్సెక్కాడు. ఇలాంటివి డాక్టర్ సుధేష్ణ చాలా చూసింది. చూసిచూసి ఆవిడకి ఒక నమ్మకం కుదిరింది. మిషన్ అబద్ధం చెప్పదు.

ఇంత మిషన్ ఎందుకు కావలసి వచ్చిందంటే, తళుకు వల్ల.

తళుకు అనే యాప్ వచ్చి అప్పటికి పదిహేనేళ్ళు. దాంట్లో ఫొటో తీసినా వీడియో తీసినా మొహం దానంతటదే మారిపోతుంది. మచ్చలు పోతాయి, ముక్కు సన్నబడుతుంది, రంగు తేలుతుంది. అడక్కుండానే చేస్తుంది. ఆపడానికి బటన్ ఉండదు. దేదీప్య ఈడు పిల్లలు ఒకళ్ళ మొహాలొకళ్ళు తళుకులోనే చూసుకుంటూ పెరిగారు. కాలేజీకి వెళ్తే మాస్కు, బజారుకి వెళ్తే మాస్కు. ఊళ్ళో సెలూన్లవాళ్ళు అద్దాలు పీకేసి తళుకు తెరలు బిగించారు, అద్దమున్న షాపుకి గిరాకీ లేదని. ఇక ఇంట్లో బాత్రూంలో మిగిలిన ఒక్క అద్దంలో కనిపించే ఆ మొహం ఎవరిది? ఊరంతా మెరిసిపోతుంటే తానొక్కతే ఇలా పుట్టానని ప్రతి పిల్లా, ఎవరింట్లో వాళ్ళు తలుపేసుకుని, విడివిడిగా నమ్మింది. అందరూ అదే నమ్ముతున్నారని ఎవరికీ తెలీదు. డాక్టర్లు ఈ జబ్బుకి ముఖవైముఖ్యం అని పేరు పెట్టారు. పేర్లు పెట్టడంలో మనవాళ్ళని మించినవాళ్ళు లేరు.

దేదీప్యకి ఆ జబ్బు ఆలస్యంగా వచ్చింది. ఎందుకంటే ఆ పిల్లకి చేపలంటే పిచ్చి. డిగ్రీ రెండో ఏడు, జువాలజీ. హార్బరుకి పోయి, వలల్లోంచి పారబోసిన పనికిరాని చేపల మధ్య గొంతుక్కూర్చుని ఒక్కోదాని మొప్పలెత్తి చూసేది. మొహం గురించి ఆలోచించే తీరిక ఉండేది కాదు. ఒకరోజు టబ్బులో ఈదుతున్న ముళ్ళచేప వీడియో తీసి తళుకులో పెట్టింది. తళుకు చేపని కూడా అందంగా దిద్దింది, ముళ్ళు తీసేసి. వీడియోలో పైనున్న దేదీప్య మొహాన్నీ దిద్దింది. కానీ టబ్బు నీళ్ళలో పడ్డ ఆమె నీడని పట్టుకోలేకపోయింది. అలల్లో ఊగుతూ అసలు మొహం అలాగే ఉండిపోయింది.

కింద ఎవడో రాశాడు: "చేప సరే, ఆ నీళ్ళలో ఉన్న జంతువు ఏ జాతి?"

చూసినవాళ్ళు లక్షల్లో నవ్వారు. ఆ రాసినవాడు ఈపాటికి అది మర్చిపోయి పెళ్ళి చేసుకుని పిల్లల్ని కని ఉంటాడు. దేదీప్య తలుపేసుకుంది. కాలేజీ మానేసింది. చేపల పుస్తకాలు అటక మీదకి పోయాయి. అన్నం కంచం గుమ్మం దగ్గర పెట్టి తల్లి వెళ్ళిపోతేగాని తలుపు తీసేది కాదు. ఏడు నెలలు అలా గడిచాయి. తిండి తగ్గుతూ వచ్చింది. ఇంకొన్నాళ్ళిలాగే ఉంటే పిల్ల దక్కదని నూకరత్నానికి అర్థమైంది. జగన్నాథపురంలో ఆమెకి చిన్న కర్రీ పాయింట్ ఉంది. మొగుడు పోయాక కూరలు వండి అమ్ముతూ పిల్లని పెంచింది. కూరలు కట్టిన పాత పేపర్లోనే పరనేత్రం గురించి చదివింది. కాళ్ళూ గడ్డమూ పట్టుకుని, చివరికి తానే చచ్చిపోతానని బెదిరించి, కూతుర్ని ఇక్కడిదాకా తెచ్చింది.

ఇప్పుడు గాజు గోడకి అవతల, మొహానికి మాస్కు, మాస్కు మీద చున్నీ చుట్టుకుని దేదీప్య కూర్చుని ఉంది.

"అంటే డాక్టరమ్మగారూ," అంది నూకరత్నం, "నా చూపు అంత చిన్నదాండి, మిషనెట్టి పట్టుకోడానికి?"

"సిగ్నల్ చాలా సన్నగా ఉంటుందమ్మా. దాన్ని ఇది వెయ్యి రెట్లు పెంచుతుంది. మీ అమ్మాయిని చూసినప్పుడు మీలో ఏముంటుందో అది వెయ్యి రెట్లవుతుంది."

"వెయ్యి రెట్లే!"

"వెయ్యి రెట్లు," అంది డాక్టర్ సుధేష్ణ గర్వంగా. ఆ ఆంప్లిఫయర్ కోసం ఆవిడ ఆరేళ్ళు పనిచేసింది.

నూకరత్నం వేళ్ళ మీద ఏదో లెక్కపెట్టుకుంది. "ఇయ్యాల మంగళవారం కదండీ. ఇంకో రోజు పెట్టుకుందావా?"

"మిషన్‌కి మంగళవారం, బుధవారం తెలీవమ్మా," అని డాక్టర్ నవ్వింది.

గాజు అవతల దేదీప్య చున్నీ విప్పింది. మాస్కు తీసింది. ఏడు నెలల తర్వాత తల్లికి కూతురి మొహం కనిపించింది. నూకరత్నం ఒక్క క్షణం చూసి, నిప్పు తగిలినట్టు కళ్ళు పక్కకి తిప్పేసుకుంది. తర్వాత మళ్ళీ చూసింది, కానీ కనుబొమలు ముడేసి, పళ్ళు బిగించి. పెదాలు కదులుతున్నాయి. దేవుణ్ణి తలుచుకుంటోంది కాబోలనుకుంది డాక్టర్.

బొమ్మ ఎవరిదో వాళ్ళకే చూపించాలన్నది అక్కడి రూలు. చూసినవాళ్ళకి చూపించరు. భార్యాభర్తల దగ్గర గొడవలై ఆ రూలు పెట్టారు. కనక నూకరత్నాన్ని బయట బెంచీ మీద కూర్చోబెట్టి, దేదీప్యని ఒక్కదాన్నే లోపలికి తీసుకెళ్ళారు.

తెర మీద ముందు కళ్ళు వచ్చాయి, లోపలికి పోయి, చీకిపోయినట్టు. తర్వాత ముక్కు, ఉన్నదానికి రెండింతలు. పైపన్ను మీద పన్నెక్కిన చోట పళ్ళన్నీ ముందుకు పొడుచుకొచ్చాయి. చర్మం మాడిన పెనం రంగులో ఉంది. ఎడమ బుగ్గ మీద అరచెయ్యంత నల్లటి మరక.

డాక్టర్ సుధేష్ణ ఇలాంటి బొమ్మ ఎప్పుడూ చూళ్ళేదు. సెట్టింగులు చూసుకుంది. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఆ నల్లమరక ఏమిటో కాకినాడలో పసిపిల్లల్ని ఎత్తుకున్న ఏ ఆడదాన్నడిగినా చెప్పేది. డాక్టర్ సుధేష్ణ చిన్నప్పటి ఫొటోల్లో ఆవిడ బుగ్గ మీదా ఉండే ఉంటుంది. కానీ హెల్మెట్లోకి సిగ్నల్ ఒక్కటే వస్తుందని చదువుకున్న మనిషి ఆవిడ, చుక్కలు కూడా వస్తాయని ఎవరూ చెప్పలేదు.

దేదీప్య ఏడవలేదు. చాలాసేపు చూసింది.

"అమ్మ చూపు ఒక్కటే చూపు కాదు దేదీప్యా," అంది డాక్టర్. తన గొంతు తనకే నచ్చలేదు. "స్నేహితులెవరైనా ఉంటే..."

"అమ్మకే ఇలా ఉంటే ఇంకెవరి చూపు మేడమ్?"

డాక్టర్ తెర ఆపేసింది.

"అమ్మకి చెప్పకండి మేడమ్. పాపం, ఇన్నేళ్ళూ ఈ మొహం చూస్తా అన్నం పెట్టింది," అంటూ దేదీప్య మాస్కు తగిలించుకుంది.

బయట నూకరత్నం లేచి ఎదురొచ్చింది. "ఏమే, కనపడ్డావా?"

"ఆ. బాగున్నానమ్మా."

"మరి! నేను చెప్పలేదా!" అని కూతురి చెయ్యి పట్టుకుని ఆటో ఎక్కింది. ఆ రోజు కర్రీ పాయింట్‌లో కొసరుకి కొసరు వేసింది.

నిజంగానే పిల్ల మారింది. మర్నాడు తలుపు తీసింది. తల దువ్వుకుంది. తల్లితో కూర్చుని అన్నం తింది, మాస్కు కొంచెం పైకెత్తి. వారం తిరక్కుండా బయటికి వెళ్ళడం మొదలెట్టింది. "వైజాగ్‌లో ఏదో ట్రైనింగంటమ్మా, హాస్టలు వాళ్ళే ఇస్తారు, వెళ్ళనా?" అంటే నూకరత్నం సంతోషంతో బట్టలు సర్దిపెట్టింది, ఆవకాయ సీసా గుడ్డలో చుట్టి మరీ.

వైజాగ్‌లో ట్రైనింగ్ లేదు, తళుకువాళ్ళ ముఖశాల ఉంది. యాప్‌లో ఉండే మొహాన్ని ఎముకతో సహా మనిషికి పెట్టి పంపే ఆసుపత్రి అది. డబ్బు తీసుకోరు. బదులుగా, ఐదేళ్ళపాటు రోజుకొక వీడియోలో ఆ మొహం చూపించాలి. ఆ ఐదేళ్ళూ ఆ మొహం వాళ్ళది.

ఆగస్టు మొదటివారంలో నూకరత్నం స్టీలు క్యారేజీ పట్టుకుని పరిశోధనశాలకి వచ్చింది. గోంగూర రొయ్యలు, దప్పళం, ఇంకో గిన్నెలో పరవాణ్ణం.

"మీ చేతుల మీదగా నా బిడ్డ మనిషైందండి," అంది కళ్ళు తుడుచుకుంటూ. "తినండి, చల్లారిపోద్ది."

డాక్టర్ సుధేష్ణ క్యారేజీ ముట్టుకోలేదు. మూడు వారాలుగా ఆ బొమ్మ ఆవిడ మనసులో నలుగుతోంది. ఈ మనిషి ఆ మొహాన్ని అలా చూస్తుందంటే నమ్మబుద్ధి కావడంలేదు. రూలు పక్కన పెట్టి అడిగేసింది.

"నూకరత్నంగారూ, ఆ రోజు మీ అమ్మాయిని చూస్తూ మనసులో ఏమనుకున్నారు?"

నూకరత్నం సిగ్గుపడింది. తర్వాత, మంచి పని చేసినవాళ్ళకుండే ధీమాతో చెప్పింది: "బాగా తిట్టుకున్నానండి."

"తిట్టుకున్నారా?"

"మరేటండి! మామూలు రోజే కన్నతల్లి దిష్టి కన్నా పెద్ద దిష్టి లేదంటారు. మీరేమో వెయ్యి రెట్లన్నారు. పైగా మంగళవారం. నా గుండె ఆగిపోయిందండి. అందుకే 'ఇది కాకిపిల్ల, దీని ముక్కు పకోడీ, దీని పళ్ళు ఎలక పళ్ళు, దీన్నెవరూ చూడకూడదు' అని అదే పనిగా అనుకున్నాను. అది చాలదని మనసులోనే ఇంత కాటుక తీసి బుగ్గకి పులిమేశాను. అరచెయ్యంత."

డాక్టర్ కుర్చీ దగ్గరికి లాక్కుంది. "మీరు రోజూ ఇలాగే చూస్తారా?"

"దాన్ని నేనెప్పుడూ కళ్ళెత్తి నిండుగా చూళ్ళేదండి." నూకరత్నం గొంతు తగ్గింది. "దీనికి ముందు ఇంకో పిల్ల ఉండేదండి నాకు. ఇందు. ఏడాది నిండలేదు. మా ఆడపడుచు పెళ్ళిలో పట్టుపరికిణీ కట్టి, ఎత్తుకుని, అందరి ముందూ 'ఎంత బాగుందో చూడండి నా తల్లి' అన్నాను. నేనేనండి అంది, ఇంకెవరూ కాదు. ఆ వారంలోనే జ్వరమొచ్చి పోయింది. అప్పట్నించీ దీన్ని కాకీ అనే పిలిచాను. నిద్రపోతున్నప్పుడు మాత్రం చూసేదాన్ని. అదీ ఓరగా."

దిష్టి ఉందా లేదా అని ఇక్కడ వాదన పెట్టుకోవక్కర్లేదు. ఇందుని చంపింది జ్వరం. కానీ ఆ తల్లి ఇన్నేళ్ళూ మోసిన భయం పరనేత్రానికి అందింది, ఉన్నది ఉన్నట్టు గీసింది. మిషన్ నిజంగానే అబద్ధం చెప్పలేదు. ఏం చూశావో చెప్పింది గానీ ఎందుకలా చూశావో చెప్పలేదు. ఆ ఒక్క ప్రశ్న అడగడానికి ఆరేళ్ళు పట్టే ఆంప్లిఫయర్ అక్కర్లేదు, నోరుంటే చాలు.

బొమ్మ ఎలా వచ్చిందో డాక్టర్ చెప్పింది. నూకరత్నానికి మొదట అర్థం కాలేదు. రెండోసారి చెప్పించుకుంది. అప్పుడు లేచి నిలబడి, తన రెండు కళ్ళ మీదా అరచేతులు గట్టిగా నొక్కుకుంది.

"ఫోన్ చెయ్యండి," అంది. "నా ఫోన్‌కి రెండ్రోజుల్నించి పలకట్లేదు. మీరు చెయ్యండి."

డాక్టర్ ఫోన్‌కీ పలకలేదు. ఆవిడ తళుకు తెరిచి దేదీప్య పేరు వెతికింది. పేరు అదే. చేపల వీడియోలు తీసేసి ఉన్నాయి. పైన కొత్తగా, కట్లు విప్పుతున్న వీడియో ఒకటి. కట్ల లోపల మెరుస్తున్న మొహం ఎవరిదో.

పదిహేను రోజులకి దేదీప్య ఊరొచ్చింది. సాయంత్రం, కర్రీ పాయింట్ ముందు క్యూ ఉంది. వరసలో నిలబడి తన వంతు వచ్చేదాకా ఆగింది. నూకరత్నం గరిటె తిప్పుతూ తలెత్తింది. సినిమా మనిషిలాంటి అమ్మాయెవరో ఎదురుగా ఉంది.

"ఏం కావాలి పాపా? గుత్తొంకాయ అయిపోయింది. ములక్కాడ టమాటా ఉంది, పప్పుచారు ఉంది."

ఆ అమ్మాయి ఆమె మొహమే చూస్తోంది.

"చెప్పు పాపా, వెనక జనం ఉన్నారు."

"అమ్మా, నేనే."

గొంతు మారలేదు. ముఖశాలవాళ్ళకి గొంతుతో పనిలేదు. నూకరత్నం చేతిలో గరిటె గిన్నెలోకి జారింది. గల్లాపెట్టె పక్కకి నెట్టి బయటికొచ్చి, కూర చేతులతోనే ఆ మొహాన్ని పట్టుకుంది. చెంప ఎముక దగ్గర వెతికింది. పన్ను మీద పన్ను కోసం పెదవి పైకెత్తి చూసింది. క్యూలో వాళ్ళు ఫోన్లు తీశారు.

"ఇప్పుడు నీ కంటికి బాగున్నానామ్మా?" అంది దేదీప్య. నిజంగానే అడిగింది. ఆ ప్రశ్నలో దెప్పుడు లేదు.

ఆ సాయంత్రం షాపు షట్టర్ దించి, లోపల గ్యాస్ బండ పక్కన కూర్చుని, నూకరత్నం మొత్తం చెప్పింది. ఇందు సంగతి, కాటుక సంగతి, ఎలక పళ్ళ సంగతి. దేదీప్య ఓపిగ్గా విని తల్లి భుజం మీద చెయ్యి వేసింది.

"ఊరుకోమ్మా. నా కోసం కథలు చెప్పక్కర్లేదు. మిషన్ అబద్ధం చెప్పదంట."

"నా మాట కన్నా మిషనెక్కువైపోయిందే నీకు?"

"నీ మాటా విన్నాను కదమ్మా చిన్నప్పట్నించీ. కాకీ అన్నావు. మిషనూ అదే అంది."

మర్నాడు నూకరత్నం కూతుర్ని లాక్కుని మళ్ళీ పరిశోధనశాలకి వచ్చింది. మిషన్ మాటే వింటుందంటే మిషన్ చేతే చెప్పిస్తానంది.

డాక్టర్ సుధేష్ణ ఈసారి ఏ వివరమూ చెప్పలేదు. వెయ్యి రెట్ల సంగతి ఎత్తలేదు. తీగలు ఒకటికి రెండుసార్లు సర్ది, "నూకరత్నంగారూ, ఈసారి భయపడకుండా చూడగలరా?" అని మాత్రం అడిగింది.

"ఇంకేం భయమండి? దిష్టి తగలడానికి ఆ మొహం ఇప్పుడు లేదు కదా," అంది నూకరత్నం.

గాజు అవతల దేదీప్య కూర్చుంది. నూకరత్నం చూసింది. కనుబొమలు ముడెయ్యలేదు, పళ్ళు బిగించలేదు. ఇరవై ఏళ్ళలో మొట్టమొదటిసారి కూతుర్ని నిండుగా, కళ్ళెత్తి, రెప్ప వెయ్యకుండా చూసింది. ఎదురుగా ఉన్న ఆ కొత్త మొహం ఆమె మెదడుకి ఆనలేదు. దాన్ని దాటి చూపు వెనక్కి, పాత మొహానికి వెళ్ళిపోయింది.

డాక్టర్ రూలు పక్కన పెట్టింది. ఇద్దర్నీ తెర ముందు కూర్చోబెట్టింది.

ముందు కళ్ళు వచ్చాయి, హార్బరులో ఎండకి చిట్లించిన కళ్ళు. ముక్కు వచ్చింది, కొంచెం పెద్దదే, తండ్రి ముక్కు. పన్ను మీద పన్ను వచ్చింది, దాని మీద వాలిన పెదవి ఎప్పుడూ నవ్వబోతున్నట్టు ఉంది. చామనఛాయ. బుగ్గ మీద ఏ మరకా లేదు. ఆ మొహంలో దిద్దింది ఏమీ లేదు, తీసేసింది ఏమీ లేదు, అయినా గదిలో ఉన్న ఆపరేటర్లు పని ఆపి చూశారు. నిద్రలో ఓరగా చూసి చూసి దాచుకున్నదంతా ఆ తల్లి ఒక్కసారిగా పారబోసింది.

దేదీప్య లేచి తెర దగ్గరికి వెళ్ళింది. బొమ్మ బుగ్గ మీద వేలు పెట్టింది. తర్వాత తన బుగ్గ మీద అదే చోట పెట్టుకుంది.

"నేనిలా ఉండేదాన్నా?" అంది.

"ఇలాగే ఉండేదానివే," అంది నూకరత్నం.

అప్పుడు ఏడ్చింది ఆ పిల్ల. కొత్త మొహానికి ఏడవడం సరిగ్గా రాదు. చెంపల కింద ఏవో బిగించారు, కళ్ళు మాత్రం కారతాయి, మిగతాదంతా చిరునవ్వులా ఉండిపోతుంది. ఏడుస్తున్నంతసేపూ ఆమె నవ్వుతున్నట్టే కనిపించింది. చూడలేక డాక్టర్ కిటికీ వైపు తిరిగింది.

ఆ బొమ్మ తప్ప దేదీప్య అసలు మొహం ఇంకెక్కడా లేదు. తళుకులో ఉన్నవన్నీ దిద్దినవే. ఆధార్ కార్డులో ఫొటో ఉంది గానీ, దాంట్లో ఎవరి మొహం వాళ్ళదిలా ఉంటుంది కనక! డాక్టర్ సుధేష్ణ ఆ బొమ్మని ప్రింటు తీసి, తన సంతకంతో, తన తప్పు ఒప్పుకుంటూ రాసిన ఉత్తరంతో ముఖశాలకి పంపింది. ఈ మొహం తిరిగి ఇవ్వగలరా అని అడిగింది. ఖర్చు తాను పెట్టుకుంటానంది. రెండుసార్లు పంపింది. మూడోసారి లాయరు చేత పంపించింది.

ఈలోగా దేదీప్య రోజుకొక వీడియో చేస్తోంది, ఒప్పందం కదా. కెమెరా ఎర్రలైటు ముందు కూర్చుని, ఇవాళ్టి లిప్‌స్టిక్ ఏమిటో చెప్తుంది. కింద లక్షలమంది మెచ్చుకుంటారు. తలుపేసుకున్న ఏ పిల్లో చూసి, తానెందుకిలా పుట్టానా అనుకుంటుంది. వీడియో అయ్యాక లైటు ఆపి దేదీప్య కర్రీ పాయింట్‌కి వస్తుంది, ప్యాకెట్లు కడుతుంది. నూకరత్నం ఇప్పుడు ఆమెని ఎంతసేపైనా చూస్తుంది. అడ్డేమీ లేదు. చూసిచూసి, "అలా పక్కకి తిరగవే," అంటుంది. వెనక నుంచి మెడ, చెవులు పాతవే.

ముఖశాల నుంచి జవాబు వచ్చింది. మర్యాదగానే రాశారు. అమ్మగారి అభిమానం తమను కదిలించిందనీ, పంపిన బొమ్మ తమ డిజైన్ టీముకి ఎంతో నచ్చిందనీ, వచ్చే ఏడాది తమ కొత్త మొహాల వరసలో దాన్ని చేర్చుకోవడానికి అనుమతి కోరుతున్నామనీ రాశారు. దేదీప్యగారి విషయంలో మాత్రం, ప్రస్తుత ముఖం సంస్థ ఆస్తి కాబట్టి ఎటువంటి మార్పూ చెయ్యడం కుదరదన్నారు. మార్పు కోసం ఆమె దరఖాస్తు చేసుకోదగిన మొదటి తేదీ: 2049 ఆగస్టు 1.